ప్రాజెక్టు ఆధారిత ప్రోగ్రామింగు బోధన

ప్రాజెక్టు ఆధారిత ప్రోగ్రామింగు బోధన అనగా, కంప్యూటరు ప్రోగ్రామింగును మొదటిసారిగా నేర్చుకుంటున్న విద్యార్థుల చేత కోర్సు కాలమంతటా ఒకే పెద్ద సాఫ్టువేరును దశలవారీగా నిర్మింపజేస్తూ, ఆ నిర్మాణంలో అవసరం ఏర్పడినప్పుడల్లా ప్రోగ్రామింగు భాషలోని అంశాలను పరిచయం చేసే బోధనా పద్ధతి. ఇందులో ప్రాజెక్టు అనేది చదువు ముగిసిన తరువాత చేసే పని కాదు. చదువు జరిగే మార్గమే ప్రాజెక్టు. ఆంధ్ర ప్రదేశ్‌లోని ఇంజనీరింగు కళాశాలలలో సాధారణంగా ప్రోగ్రామింగు మొదటి సంవత్సరంలోను, ప్రాజెక్టు నాలుగవ సంవత్సరంలోను ఉంటాయి. ఈ రెండింటి మధ్యనున్న మూడేళ్ళ దూరాన్ని తొలగించటం ఈ పద్ధతి యొక్క ముఖ్యోద్దేశం. విశాఖపట్నం నగరంలోని మధురవాడ వంటి చోట, అంటే ఇంజనీరింగు కళాశాలలు, సాఫ్టువేరు కార్యాలయాలు ఒకే రహదారిపై కొద్ది కిలోమీటర్ల ఎడంలో ఉన్న చోట, ఈ విషయానికి ప్రత్యేక ప్రాముఖ్యం ఉన్నది.

## నిర్వచనం

ప్రోగ్రాము అనే పదానికి కొందరు తెలుగు రచయితలు క్రమణిక అనే పదాన్ని వాడుతున్నారు. ఈ వ్యాసంలో వాడుకలో ఉన్న ప్రోగ్రాము అనే పదమే తీసుకోబడినది.

"పెద్ద ప్రాజెక్టు" అన్నపుడు వరుసల సంఖ్య మాత్రమే కొలమానం కాదు. ఒక పనిని ఈ పద్ధతిలో ప్రాజెక్టుగా పరిగణించటానికి ఈ క్రింది లక్షణాలు ఉండాలి.

* ఒక్క రోజు ప్రయోగశాలలో పూర్తి కాకూడదు. నిన్న వ్రాసిన కోడును నేడు మరల చదివి, దానిపై కట్టవలసిన అవసరం రావాలి.
* వ్రాసినవాడు కాక మరొకరు వాడుకోగలిగినదై ఉండాలి.
* మధ్యలో అవసరాలు మారాలి. ఆ మార్పు వలన పాత కోడులో కొంత భాగాన్నైనా తిరగవ్రాయవలసి రావాలి.
* ఫలితం సరియైనదో కాదో ఉపాధ్యాయుని అడగకుండానే విద్యార్థి స్వయంగా తేల్చుకోగలిగిన మార్గం ఉండాలి.

ప్రధాన సంఖ్యలను గుర్తించటం, ఫిబొనాచీ శ్రేణిని ముద్రించటం, రెండు మాత్రికలను గుణించటం వంటి అభ్యాసాలకు ఈ లక్షణాలు లేవు. అవి పనికిరానివని దీని అర్థం కాదు. ఇల్లు కట్టేవానికి ఇటుక పేర్చటం రావాలి, కాని ఇటుకలు పేర్చటం వచ్చినంత మాత్రాన ఇల్లు కట్టటం రాదు.

## నేపథ్యం

బ్రయన్ కెర్నిఘన్, డెన్నిస్ రిచీ వ్రాసిన సీ భాషా గ్రంథం 1978లో వెలువడినది. తెరపై ఒక పలకరింపును ముద్రించే చిన్న ప్రోగ్రాముతో ఆరంభించి, చరరాశులు, షరతులు, లూపులు, ఫంక్షనులు, అర్రేలు, పాయింటర్లు, స్ట్రక్చర్లు, ఫైళ్ళు అనే వరుసలో సాగే బోధన దాదాపు ప్రపంచమంతటా స్థిరపడినది. ఈ వరుస భాషను వర్ణించటానికి అనువైనది. అయితే ఒక సమస్యను చూసి ప్రోగ్రామును ఎక్కడ మొదలుపెట్టాలో అది చెప్పదు.

ఈ లోపం ఎంతటిదో 2001లో మైకేల్ మెక్‌క్రాకెన్ నాయకత్వంలో జరిగిన అధ్యయనం చూపినది. నాలుగు విశ్వవిద్యాలయాలలో ప్రాథమిక ప్రోగ్రామింగు కోర్సు చదివిన 216 మంది విద్యార్థులకు లెక్కలు చేసే యంత్రం వంటి ఒక ప్రోగ్రామును వ్రాయమని ఇచ్చారు. వచ్చిన సగటు మార్కులు 110కి 22.89 మాత్రమే. 2004లో రేమండ్ లిస్టర్, ఆయన సహచరులు పలు దేశాలలో జరిపిన మరొక అధ్యయనంలో, చాలామంది విద్యార్థులు ఇచ్చిన కోడును వరుసవారీగా చదివి ఫలితం చెప్పటంలో సైతం తడబడుతున్నారని తేలినది. 2014లో క్రిస్టఫర్ వాట్సన్, ఫ్రెడరిక్ లీ 15 దేశాలలోని 161 కోర్సుల వివరాలను క్రోడీకరించగా సగటు ఉత్తీర్ణత 67.7 శాతం అని వచ్చినది. అనగా ప్రతి ముగ్గురిలో దాదాపు ఒకరు తొలి కోర్సును దాటలేకపోతున్నారు.

తెలుగు రాష్ట్రాల కళాశాలలలో ఈ సమస్య వేరొక రూపంలో కనిపిస్తుంది. ఇక్కడ ఉత్తీర్ణత కష్టం కాదు. ప్రయోగశాలలో చేయవలసిన ప్రోగ్రాముల జాబితా ముందే తెలిసి ఉంటుంది. వాటిని అబ్జర్వేషను పుస్తకంలోను, తరువాత రికార్డులోను వ్రాసి సంతకం చేయించుకోవాలి. పరీక్ష నాడు ఆ జాబితాలోనుండే ఒకటి వస్తుంది. కనుక ప్రోగ్రాములను పద్యాల వలె బట్టీ పట్టి ఉత్తీర్ణులగుట సాధ్యము. సీ ప్రయోగశాలలో మంచి మార్కులు తెచ్చుకున్న విద్యార్థి, జాబితాలో లేని చిన్న ప్రోగ్రామును సొంతంగా వ్రాయలేకపోవటం ఇందువలననే జరుగుతున్నది. ఆ సంగతి చాలామందికి మొదటిసారి తెలిసేది నాలుగవ సంవత్సరంలో ఉద్యోగ నియామకాల పరీక్షలో.

## చరిత్ర

పని ద్వారా చదువు అనే ఆలోచన కంప్యూటర్ల కంటె పాతది. అమెరికాలో విలియం హెర్డ్ కిల్‌పాట్రిక్ 1918లో ప్రాజెక్టు పద్ధతి గురించి వ్యాసం ప్రచురించాడు. భారతదేశంలో 1937 అక్టోబరులో వార్ధాలో జరిగిన విద్యా సమావేశంలో మహాత్మా గాంధీ చేతివృత్తి కేంద్రంగా సాగే ప్రాథమిక విద్యను ప్రతిపాదించాడు. జాకీర్ హుసేన్ అధ్యక్షతన ఏర్పడిన సంఘం దానికి పాఠ్యప్రణాళిక రూపొందించినది. ఇది నయీ తాలీం అనే పేరున ప్రసిద్ధము. వడకటం నేర్చుకుంటూ లెక్కలు, భూగోళం, చరిత్ర నేర్చుకోవటం అందులోని సూత్రం.

ప్రోగ్రామింగు బోధనలో ఈ ఆలోచన ఎదిగిన క్రమం ఇది.

* 1967: వాలీ ఫోయర్జిగ్, సేమూర్ పాపెర్ట్, సింథియా సోలమన్ పిల్లల కొరకు లోగో భాషను రూపొందించారు. పాపెర్ట్ 1980లో వెలువరించిన మైండ్‌స్టార్మ్స్ గ్రంథం, తాను చూడగలిగిన వస్తువును నిర్మిస్తున్నపుడు నేర్పు బాగా వస్తుందని వాదించినది.
* 1971: పాస్కల్ భాష సృష్టికర్త నిక్లాస్ విర్త్ ఒక సమస్యను అంచెలంచెలుగా విడగొడుతూ ప్రోగ్రాము వ్రాసే పద్ధతిని వివరించాడు. చదరంగపు పలకపై ఎనిమిది మంత్రులను ఒకదానికొకటి తగలకుండా నిలిపే సమస్యను ఉదాహరణగా తీసుకున్నాడు.
* 1985: అమెరికాలోని ఎం.ఐ.టి.లో హెరాల్డ్ ఏబెల్సన్, జెరాల్డ్ సస్‌మన్ తమ ప్రసిద్ధ పాఠ్యగ్రంథాన్ని ప్రచురించారు. ఇందులో విద్యార్థి చివరకు ఒక భాషకు ఇంటర్‌ప్రెటరును తానే నిర్మిస్తాడు.
* 2005: నోమ్ నిసాన్, షిమోన్ షాకెన్ వ్రాసిన గ్రంథం వెలువడినది. అతి సరళమైన ఒక తర్కద్వారంతో మొదలుపెట్టి కంప్యూటరును, దానిపై నడిచే భాషను, ఆటను వరుసగా నిర్మించటం ఇందులోని కోర్సు.
* 2007: హార్వర్డ్ విశ్వవిద్యాలయంలో డేవిడ్ మాలన్ ప్రాథమిక కోర్సు బోధనను చేపట్టాడు. సీఎస్50గా పేరుపొందిన ఈ కోర్సు చివర ప్రతి విద్యార్థి తనకు నచ్చిన ప్రాజెక్టు చేయాలి. 2012 నుండి ఇది అంతర్జాలం ద్వారా అందరికీ అందుబాటులోకి వచ్చినది.
* 2014: ఐఐటి బొంబాయి ఆచార్యుడు అభిరామ్ రానడే వ్రాసిన సీ++ పాఠ్యగ్రంథం వెలువడినది. తెరపై బొమ్మలు గీసే చిన్న గ్రంథాలయం సింపుల్‌సీపీపీ సహాయంతో తొలి పాఠం నుండే కంటికి కనిపించే ప్రోగ్రాములను వ్రాయించటం ఇందులోని ప్రత్యేకత.

## మధురవాడలో నేపథ్యం

మధురవాడ విశాఖపట్నానికి ఉత్తరాన జాతీయ రహదారిపై ఉన్నది. ఒకప్పుడు గ్రామంగా ఉన్న ఈ ప్రాంతం 2005లో ఏర్పడిన మహా విశాఖపట్నం నగరపాలక సంస్థలో భాగమైనది. గాయత్రీ విద్యా పరిషత్తు 1996లో స్థాపించిన ఇంజనీరింగు కళాశాల మధురవాడలోని కొమ్మాదిలో కలదు. సమీపంలోని ఋషికొండ వద్ద 1980లో ఆరంభమైన గీతం కళాశాల 2007లో డీమ్డ్ విశ్వవిద్యాలయమైనది. ఋషికొండ, మధురవాడల మధ్య కొండలపై ఐటీ సంస్థల కొరకు స్థలాలు కేటాయించబడ్డాయి. ఆ కొండలను స్థానికులు ఐటీ హిల్సు అని పిలుస్తారు. 2016లో రాష్ట్ర ప్రభుత్వం విశాఖపట్నానికి ఫిన్‌టెక్ వ్యాలీ అనే పేరుతో ఆర్థిక సాంకేతిక సంస్థలను ఆహ్వానించే కార్యక్రమం చేపట్టినది.

ఓడరేవు, ఉక్కు కర్మాగారం ఉన్న నగరంలో ఐటిఐ, డిప్లొమా చదివినవారికి పనిముట్టు పట్టి నేర్చుకోవటం కొత్త కాదు. అప్రెంటిసుగా చేరిన ఫిట్టరుకు ఆకురాయి ఎలా పట్టాలో పుస్తకం చూసి పరీక్ష పెట్టరు. ఇచ్చిన ఇనుప ముక్కను కొలత ప్రకారం అరగదీసి చూపమంటారు. కొలత తప్పితే ముక్క అతకదు. సాఫ్టువేరు బోధనలో లోపించినది ఈ "అతకటం" అనే పరీక్షయే.

పాఠ్యప్రణాళిక విషయానికి వస్తే, జవహర్‌లాల్ నెహ్రూ సాంకేతిక విశ్వవిద్యాలయం 2005 నియమావళిలో మొదటి సంవత్సరపు విద్యార్థులకు సీ ప్రోగ్రామింగు, డేటా స్ట్రక్చర్లు కలిపి ఒకే సబ్జెక్టుగా ఉండేవి. 2008లో ఆ విశ్వవిద్యాలయం విభజింపబడి కాకినాడ, అనంతపురం, హైదరాబాదులలో వేర్వేరు విశ్వవిద్యాలయాలు ఏర్పడ్డాయి. 2018లో అఖిల భారత సాంకేతిక విద్యా మండలి వెలువరించిన నమూనా ప్రణాళికలో ఈ సబ్జెక్టుకు "సమస్యా పరిష్కారానికి ప్రోగ్రామింగు" అనే అర్థమిచ్చే పేరు పెట్టబడినది. పేరులో సమస్యా పరిష్కారం చేరినది గాని, అధ్యాయాల వరుస చాలావరకు పాతదే.

చివరి సంవత్సరపు ప్రాజెక్టుకు సంబంధించి తెలుగు రాష్ట్రాలలో అందరికీ తెలిసిన ఒక చెడు అలవాటు ఉన్నది. తయారుగా ఉన్న ప్రాజెక్టును, దాని నివేదికతో సహా డబ్బిచ్చి కొనుక్కోవటమే అది. దీనిని విద్యార్థుల నిజాయితీ లోపంగా మాత్రమే చూడటం సరికాదు. మూడేళ్ళలో ఏనాడూ వంద వరుసలు దాటిన ప్రోగ్రామును వ్రాయని విద్యార్థిని, ఒక్కసారిగా పూర్తి సాఫ్టువేరు తయారు చేయమంటే అతనికి కనిపించే దారులు తక్కువ. మొదటి సంవత్సరంలోనే చిన్నదైనా సొంత ప్రాజెక్టు చేసినవానికి కొనవలసిన అవసరం తగ్గుతుంది.

## బోధనా విధానం: ఒక ఉదాహరణ

ఈ పద్ధతిలో విషయం ఎంపిక కీలకము. విద్యార్థులందరికీ ముందే తెలిసిన రంగం నుండి తీసుకుంటే, సమస్యను వివరించటానికి కాలం వృథా కాదు. మధురవాడలోని పోతినమల్లయ్యపాలెంలో అంతర్జాతీయ క్రికెట్టు స్టేడియం ఉన్నది. కనుక క్రికెట్టు స్కోరుబోర్డును ఉదాహరణగా తీసుకుందాం. 2005 ఏప్రిల్ 5న ఈ స్టేడియంలో భారత్, పాకిస్తాన్ల మధ్య ఒకరోజు పోటీ జరిగినది. భారత్ 50 ఓవర్లలో 9 వికెట్లకు 356 పరుగులు చేసినది. మహేంద్ర సింగ్ ధోనీ 123 బంతులలో 148 పరుగులు తీశాడు. పాకిస్తాన్ 44.1 ఓవర్లలో 298 పరుగులకు ఆలౌటు అయినది. ఈ అంకెలన్నీ ప్రోగ్రామును పరీక్షించటానికి పనికివచ్చేవే.

### మొదటి దశ: ఓవర్ల లెక్క

44.1 ఓవర్లు అన్నపుడు ఆ చుక్క దశాంశ బిందువు కాదు. 44 ఓవర్లు, ఒక బంతి అని అర్థం. దీనిని దశాంశ సంఖ్యగా భద్రపరచిన విద్యార్థి సగటు పరుగులను 298 ÷ 44.1 అని లెక్కకట్టి 6.76 తెస్తాడు. నిజానికి 44.1 ఓవర్లంటే 265 బంతులు. 298ని 6తో గుణించి 265తో భాగిస్తే 6.75 వస్తుంది. తేడా ఎంత స్వల్పమంటే చూసినవారెవరూ అనుమానించరు. అయితే ఒక బౌలరు 12.3 ఓవర్లు, మరొకరు 2.4 ఓవర్లు వేశారని కూడితే 14.7 వస్తుంది. ఓవరులో ఆరే బంతులు కనుక అటువంటి సంఖ్య ఉండదు. సరియైన జవాబు 15.1.

పరిష్కారం ఏమనగా, ప్రోగ్రాములో బంతుల సంఖ్యను మాత్రమే పూర్ణాంకంగా ఉంచి, తెరపై చూపేటపుడు మాత్రం 6తో భాగించి, భాగఫలాన్ని, శేషాన్ని వేయటం. ఈ ఒక్క ఉదాహరణతో పూర్ణాంకాలకు, దశాంశ సంఖ్యలకు గల భేదం, పూర్ణాంక భాగహారం, శేషం, భద్రపరచే రూపానికి, చూపే రూపానికి మధ్య తేడా అన్నీ పరిచయమవుతాయి. పాఠ్యగ్రంథంలో ఇవి నాలుగు వేరు వేరు శీర్షికలు.

### రెండవ దశ: బంతి వెనుక బంతి

ప్రతి బంతికీ ఏమి జరిగినదో తీసుకొని మొత్తాన్ని మార్చాలి. ఇక్కడ షరతులు, లూపులు వస్తాయి. వైడు, నోబాల్ పడితే జట్టుకు పరుగు చేరుతుంది గాని ఓవరులో బంతి లెక్కకు రాదు. వైడు బ్యాట్స్‌మన్ ఎదుర్కొన్న బంతిగా లెక్కకు రాదు, నోబాల్ వస్తుంది. బైలు జట్టుకు చేరుతాయి, బ్యాట్స్‌మన్‌కు చేరవు. బేసి సంఖ్యలో పరుగులు తీస్తే స్ట్రైకు మారుతుంది, ఓవరు ముగిసినపుడు మరల మారుతుంది. ఓవరు చివరి బంతికి ఒక పరుగు తీస్తే రెండు మార్పులు జరిగి, అదే బ్యాట్స్‌మన్ తరువాతి ఓవరు మొదటి బంతిని ఎదుర్కొంటాడు. క్రికెట్టు చూసే ప్రతి విద్యార్థికీ ఈ నియమాలు తెలుసు. తెలిసిన నియమాన్ని యంత్రానికి అర్థమయ్యేటట్లు సందిగ్ధం లేకుండా చెప్పటమే ప్రోగ్రామింగు అని ఇక్కడ బోధపడుతుంది.

### మూడవ దశ: పదకొండు మంది

పదకొండు మంది ఆటగాళ్ళ పరుగులను, బంతులను పదకొండు చరరాశులలో ఉంచటం ఎంత కష్టమో విద్యార్థి ముందు అనుభవించాలి. ఆ తరువాత అర్రేను పరిచయం చేస్తే, అది ఎందుకు ఉన్నదో చెప్పనవసరం లేదు. ఆటగాని పేరు, పరుగులు, బంతులు ఒకచోట ఉంచవలసి వచ్చినపుడు స్ట్రక్చరు, ఒకే లెక్కను బ్యాటింగుకు, బౌలింగుకు వేరు వేరు చోట్ల వ్రాయవలసి వచ్చినపుడు ఫంక్షను వస్తాయి.

ఈ దశలో స్వీయ పరీక్ష కూడా ప్రవేశపెట్టబడుతుంది. ఆటగాళ్ళందరి పరుగుల మొత్తానికి ఎక్స్‌ట్రాలు కలిపితే జట్టు స్కోరు రావాలి. ప్రతి బంతి తరువాత ప్రోగ్రామే ఈ కూడికను సరిచూసుకుంటే, తప్పు జరిగిన బంతి వద్దనే పట్టుబడుతుంది. దుకాణంలో సాయంకాలం గల్లా పెట్టెను చిట్టాతో సరిపోల్చటం వంటిదే ఇది.

### నాలుగవ దశ: తప్పును దిద్దటం

ఇంతవరకు అన్నీ సవ్యంగా సాగిన తరువాత ఉపాధ్యాయుడు ఒక కొత్త కోరిక పెడతాడు: స్కోరరు పొరపాటున నాలుగు పరుగులకు బదులు ఆరు నమోదు చేస్తే, చివరి బంతిని రద్దు చేసే వీలు ఉండాలి. మొత్తాలను మాత్రమే భద్రపరచిన ప్రోగ్రాములో ఇది చాలా కష్టం. స్ట్రైకు ఎవరిదో, ఓవరు ముగిసినదో లేదో, బౌలరు ఎవరో అన్నిటినీ వెనుకకు త్రిప్పాలి. దీనికి బదులు ప్రతి బంతిని వరుసగా ఒక జాబితాలో ఉంచి, చివరిదానిని తీసివేసి మొదటి నుండి మరల లెక్కకడితే చాలు. యాభై ఓవర్లలో దాదాపు 300 బంతులే కనుక కంప్యూటరుకు ఇది క్షణంలో పని.

అయితే అలా చేయాలంటే ప్రోగ్రాము నిర్మాణమే మారాలి. కోర్సు మొత్తంలో ఇది అతి కష్టమైన వారం, అతి విలువైన వారం కూడా. సమాచారాన్ని ఏ రూపంలో ఉంచాలన్న తొలి నిర్ణయం మిగిలిన పనినంతటినీ శాసిస్తుందన్న విషయం ఉపన్యాసం వలన గాక, తన కోడును తానే చెరిపి వ్రాయటం వలన తెలుస్తుంది.

### ఐదవ దశ: ఫైళ్ళు, కొత్త నియమాలు

కరెంటు పోతే ఆట వివరాలు పోకూడదు. ఇందుకు ఫైలు అవసరం. బంతుల జాబితా ఇదివరకే ఉన్నది కనుక దానిని ఫైలులో వ్రాసి, మరల చదివితే చాలు. నాలుగవ దశలో పడిన శ్రమకు ఇక్కడ ప్రతిఫలం దొరుకుతుంది. తరువాత నెట్ రన్‌రేటు అడగవచ్చు. జట్టు ఆలౌటు అయితే, ఆడిన ఓవర్లతో గాక కేటాయించిన ఓవర్లన్నిటితో భాగించాలన్నది నియమం. అనగా పై పోటీలో పాకిస్తాన్ రేటు 6.75 కాదు, 298ని 50తో భాగించగా వచ్చే 5.96. తన ఫంక్షను ఎక్కడ మార్చాలో విద్యార్థి వెంటనే చూపగలిగితే ప్రోగ్రాము చక్కగా విభజింపబడినదని అర్థం. పది చోట్ల మార్చవలసి వస్తే విభజన సరిగా లేదని అర్థం.

క్రికెట్టుపై ఆసక్తి లేనివారికి ఇతర విషయాలు ఎంచుకోవచ్చు. ఓడరేవులో బెర్తుల కేటాయింపు, వే బ్రిడ్జి వద్ద లారీల తూకం చిట్టా, హాస్టలు మెస్సు బిల్లు, రైతుబజారు ధరల పట్టిక ఇందుకు తగినవి.

## జట్టు పని

ఈ పద్ధతిలో సాధారణంగా ఇద్దరు లేదా ముగ్గురు కలిసి పని చేస్తారు. ఇద్దరు ఒకే కంప్యూటరు వద్ద కూర్చుని, ఒకరు వ్రాస్తుంటే మరొకరు చూస్తూ, కొంతసేపటికి స్థానాలు మార్చుకునే జంట ప్రోగ్రామింగు విధానం 1990 దశకం చివరలో కెంట్ బెక్ ప్రచారం చేసిన పద్ధతులలో ఒకటి. కంప్యూటర్లు తక్కువగా ఉన్న ప్రయోగశాలలకు ఇది ప్రత్యేకించి అనుకూలము.

పెద్ద జట్లు తొలి కోర్సుకు పనికిరావు. ఫ్రెడరిక్ బ్రూక్స్ 1975లో ప్రచురించిన గ్రంథంలో, ఆలస్యమైన పనికి మనుషులను చేర్చితే అది మరింత ఆలస్యమవుతుందని వివరించాడు. ముగ్గురి మధ్య మూడు సంభాషణా మార్గాలుంటే ఆరుగురి మధ్య పదిహేను ఉంటాయి. పైగా ఆరుగురి జట్టులో ఒకరు వ్రాసి ఐదుగురు సంతకం పెట్టే ప్రమాదం ఉన్నది. లినస్ టోర్వాల్డ్స్ 2005లో రూపొందించిన గిట్ వంటి సాధనంతో ఎవరు, ఎప్పుడు, ఏ వరుస మార్చారో నమోదవుతుంది. ఇది పర్యవేక్షణకే గాక, పాడైన కోడును నిన్నటి స్థితికి తీసుకుపోవటానికి కూడా ఉపయోగపడుతుంది.

## తెలుగు మాధ్యమ విద్యార్థులు

పదవ తరగతి వరకు తెలుగు మాధ్యమంలో చదివిన విద్యార్థికి మొదటి సంవత్సరంలో రెండు కొత్త భాషలు ఎదురవుతాయి: ఒకటి ఆంగ్లంలోని పాఠం, రెండవది ప్రోగ్రామింగు భాష. దోష సందేశాలు కూడా ఆంగ్లంలోనే వస్తాయి. సమస్య తెలిసిన రంగానిదైనపుడు ఈ భారం కొంత తగ్గుతుంది, ఎందుకనగా జట్టులోని చర్చ తెలుగులో జరగవచ్చు. ఐఐటి బొంబాయి నిర్వహించే స్పోకెన్ ట్యుటోరియల్ కార్యక్రమం తెలుగుతో సహా పలు భారతీయ భాషలలో సాఫ్టువేరు పాఠాలను ఉచితంగా అందిస్తున్నది.

స్కోరుబోర్డును తెలుగులో చూపటం కూడా మంచి అభ్యాసమే. "విశాఖ" అనే మాట పాఠకునికి మూడు అక్షరాలు. యూనికోడులో గుడి గుర్తు, దీర్ఘం గుర్తు విడిగా ఉంటాయి కనుక అది ఐదు సంకేతాలు. యూటీఎఫ్-8 పద్ధతిలో ఒక్కొక్క తెలుగు సంకేతానికి మూడు బైట్లు కావాలి కనుక సీ భాషలో పొడవు కొలిస్తే 15 వస్తుంది, పైథాన్ భాషలో 5 వస్తుంది. పట్టికలో నిలువు వరుసలు ఎందుకు వంకరపోతున్నాయో వెదికిన విద్యార్థికి, అక్షరం, సంకేతం, బైటు మూడూ వేరని జీవితాంతం గుర్తుంటుంది.

## మూల్యాంకనం

రికార్డుకు, తుది ఫలితానికి మాత్రమే మార్కులు వేస్తే పాత పద్ధతికీ దీనికీ తేడా ఉండదు. అందుచేత ఈ క్రింది విధానాలు అనుసరించబడతాయి.

* ప్రతి దశ ముగిసినపుడు పనిచేసే ప్రోగ్రామును చూపాలి. అసంపూర్ణమైనా నడిచేదానికి మార్కులుంటాయి, ఎంత పెద్దదైనా నడవనిదానికి ఉండవు.
* వైవాలో నిర్వచనాలను గాక, చిన్న మార్పును అడుగుతారు. ఉదాహరణకు "ఓవరుకు ఐదు బంతులు చేయండి" అని అడిగి, ఎదుటనే మార్చమంటారు. కోడు సొంతమైతే ఇది రెండు నిమిషాల పని.
* జట్టు మార్కులతో పాటు ప్రతి విద్యార్థికి విడిగా వ్రాత పరీక్ష ఉంటుంది. కోడును చదివి ఫలితం చెప్పటం, దోషాన్ని కనిపెట్టటం ఇందులో ఉంటాయి.
* ఒక జట్టు ప్రోగ్రామును మరొక జట్టు వాడి చూసి లోపాలను వ్రాసి ఇస్తుంది.

## విమర్శలు

ఈ పద్ధతిపై బలమైన విమర్శలున్నాయి. 2006లో పాల్ కిర్ష్‌నర్, జాన్ స్వెల్లర్, రిచర్డ్ క్లార్క్ ప్రచురించిన వ్యాసం, కొత్తగా నేర్చుకునేవారికి తగిన మార్గదర్శకత్వం లేకుండా సమస్యలను అప్పగించే పద్ధతులు విఫలమవుతాయని వాదించినది. మనిషి ఒకేసారి మనసులో ఉంచుకోగల అంశాలు కొద్ది. భాష, సమస్య, సాధనం మూడూ కొత్తవైనపుడు ఆ పరిమితి దాటిపోయి, ఏదీ నిలవదు. పూర్తిగా చేసి చూపిన ఉదాహరణలను చదవటం ఆ దశలో ఎక్కువ మేలు చేస్తుందని స్వెల్లర్ పరిశోధనలు చూపుతున్నాయి.

దీనికి సమాధానంగా, ప్రాజెక్టు పద్ధతి అంటే విద్యార్థిని నీటిలోకి తోసి ఈదమనటం కాదని సమర్థకులు అంటారు. మొదటి దశలో ఉపాధ్యాయుడు చాలా భాగం తానే వ్రాసి ఇచ్చి, కొన్ని ఖాళీలు పూరించమంటాడు. రెండవ దశలో ఖాళీలు పెరుగుతాయి. చివరి దశ నాటికి కాగితం పూర్తిగా విద్యార్థిదే. ప్రతి కొత్త అంశానికి రెండు మూడు చిన్న అభ్యాసాలు తప్పనిసరిగా ఉండాలని కూడా వారు అంగీకరిస్తారు.

రెండవ విమర్శ ఉపాధ్యాయుల భారానికి సంబంధించినది. అరవై మంది ఉన్న సెక్షనులో ఇరవై జట్ల కోడును ప్రతి రెండు వారాలకు చదవటం ఒక్కరికి సాధ్యం కాదు. స్వయంచాలక పరీక్షలు, పై తరగతి విద్యార్థుల సహాయం లేనిదే ఈ పద్ధతి నిలవదు. మూడవది, ప్రాజెక్టుకు అవసరం రాని అంశాలు మిగిలిపోవటం. స్కోరుబోర్డులో పునరావృతి, అనగా ఫంక్షను తనను తానే పిలుచుకోవటం, సహజంగా రాదు. అటువంటివాటిని విడిగా చెప్పవలసినదే.

## కృత్రిమ మేధ ప్రభావం

2021లో గిట్‌హబ్ కోపైలట్, 2022 నవంబరులో చాట్‌జీపీటీ వెలువడిన తరువాత ప్రాథమిక కోర్సుల అభ్యాసాలకు సిద్ధమైన జవాబులు క్షణాలలో దొరుకుతున్నాయి. బట్టీ పట్టటానికి పనికివచ్చే జాబితా ప్రోగ్రాములను యంత్రం ఏ మాత్రం శ్రమ లేకుండా వ్రాస్తుంది. స్కోరుబోర్డు వంటి ప్రాజెక్టును కూడా వ్రాయగలదు. కనుక విషయం పెద్దదైనంత మాత్రాన నకలుకు అడ్డుకట్ట పడదు.

మారినది ఏమనగా, కోడు వ్రాయటం కంటె, వచ్చిన కోడు సరియైనదో కాదో తేల్చటం ముఖ్యమైనది. 6.76 తప్పు, 6.75 ఒప్పు అని చెప్పగలగటానికి ఓవరులో ఆరు బంతులని తెలియటం చాలదు, ఆ చుక్క వెనుక ఏమి జరుగుతున్నదో తెలియాలి. దశలవారీ ప్రదర్శన, ఎదుటనే మార్పు చేయించే వైవా, స్వీయ పరీక్షలు ఈ నేర్పును పరీక్షిస్తాయి. జాబితాలోని ఒక ప్రోగ్రామును వ్రాయమనే పరీక్ష దానిని పరీక్షించలేదు. అందువలన ప్రాజెక్టు ఆధారిత బోధనకు ఇదివరకటి కంటె అవసరము పెరిగినది. అయితే మూల్యాంకనం కూడా దానికి తగినట్లు మారినపుడే ఆ ప్రయోజనం నెరవేరుతుంది.

## ఇవి కూడా చూడండి

* సీ ప్రోగ్రామింగు భాష
* లోగో (ప్రోగ్రామింగు భాష)
* నయీ తాలీం
* యూనికోడు
* మధురవాడ